బండి వెనుక కూర్చునే మనిషి

(ఏప్రిల్ 14, అగ్నిమాపక సేవా దినోత్సవం నాడు కళాశాల విద్యార్థుల ఎదుట చేసిన స్మారక ఉపన్యాసం)



సభ మూడు గంటలకు పెట్టమని నేనే అడిగాను. నాలుగు గంటల ఆరు నిమిషాలకు నా మాట ఆగిపోవాలని కూడా నేనే కోరాను. ఎందుకో చెబుతాను.

1944 ఏప్రిల్ 12న ఫోర్ట్ స్టికిన్ అనే సరుకు ఓడ కరాచీ మీదుగా బొంబాయి చేరి విక్టోరియా డాక్‌లో ఆగింది. యుద్ధకాలం. ఓడ కడుపులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. అది చాలదన్నట్టు కరాచీలో వేల పత్తి బేళ్లు కూడా ఎక్కించారు. మందుగుండు ఉన్న ఓడ ఎర్రజెండా ఎగరేయాలని ఆనవాయితీ. ఆ ఓడ మీద ఎర్రజెండా లేదు. 14వ తేదీ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో లోపల్నుంచి పొగ కనబడింది. ఫైరింజన్లు వచ్చాయి. 900 టన్నులకు పైగా నీళ్లు పోశారు. మంట ఎక్కడుందో మాత్రం దొరకలేదు. పత్తి బేలు తీరు మన గుంటూరు, ఆదోని మిల్లుల వాళ్లను అడిగితే చెబుతారు. పైన తడిసి చల్లగా ఉంటుంది, లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. ఓడ వేడికి చుట్టూ ఉన్న నీళ్లు మరగడం మొదలుపెట్టాయి. దాన్ని అక్కడే ముంచేయాలా, సముద్రంలోకి లాగేయాలా అని అధికారులు తేల్చుకోలేకపోయారు. నాలుగు గంటల ఆరు నిమిషాలకు ఓడ పేలింది. అరగంటలోపే రెండో పేలుడు. ఎక్కడో దూరాన సిమ్లాలో భూకంపాలు కొలిచే యంత్రం కదిలింది. వందల మంది పోయారు. వాళ్లలో గొట్టాలు పట్టుకొని ఓడ దగ్గర నిలబడ్డ అగ్నిమాపక సిబ్బంది 66 మంది. ఈ రోజు వాళ్లది.

వాళ్లకు ధైర్యం తక్కువైందని ఎవరూ అనలేరు. ఆ ఓడలో ఏముందో కాగితాల మీద ఉంది. ఆ కాగితం మీది సంగతి, గొట్టం పట్టుకున్న మనిషి చెవిదాకా సకాలంలో, సరిగ్గా చేరలేదు. "ఏం కాలుతోంది?" అన్నది అగ్నిమాపక విద్యలో మొదటి ప్రశ్న. దానికి జవాబు తెలియకుండా ధైర్యవంతుణ్ని ముందుకు పంపడం అతనికి మనం చేసే అన్యాయం. ఈ ప్రశ్న ఈ సాయంత్రం మళ్లీ రెండు మూడు చోట్ల మనకు ఎదురవుతుంది.

నేను మత్తు డాక్టర్ని. మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేని వేళ ఊపిరి దారి మూసుకుపోకుండా కాపలా కాయడమే మా పని. 108 అంబులెన్సులు రాక ముందు, 1990లలో, నేను పనిచేసే ఊరికి ఒక గీత కార్మికుణ్ని ట్రాక్టర్ తొట్టిలో తెచ్చారు. తాటిచెట్టు మీంచి పడ్డాడు. వాళ్లన్న దారి పొడవునా తమ్ముడి తల ఒళ్లో పెట్టుకొని, మెడ కింద చెయ్యి వేసి, నోరెండిపోతోందని గుక్కగుక్కగా నీళ్లు పోస్తూ వచ్చాడు. ఒళ్లో పెట్టుకున్నందుకు మెడ వంగింది. స్పృహ లేని మనిషి నాలుక వెనక్కి పడింది. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయి. అన్న చేసిన ప్రతి పనీ ప్రేమతో చేసిందే, ప్రతిదీ ప్రాణం మీదికి తెచ్చిందే. నేను చూసేసరికి చేయడానికేమీ మిగల్లేదు. "నేనేమన్నా తప్పు చేశానా డాక్టరు గారూ?" అని అడిగాడు. "లేదయ్యా, నువ్వు చేయగలిగిందంతా చేశావు" అన్నాను. అది నిజమే. ఆ తొట్టిలో అతని పక్కన కూర్చోవలసిన మనిషిని తయారు చేయాల్సింది మేం. మేం చేయలేదు.

ఆ మనిషిని తయారు చేయడం సాధ్యమేనని నిరూపించింది నా వృత్తివాడే కావడం నాకు గర్వం. ఆయన పీటర్ సఫార్. 1924లో వియన్నాలో పుట్టి అమెరికా చేరిన మత్తు డాక్టరు. 1957 ప్రాంతంలో బాల్టిమోర్‌లో ఆయన చేసిన ప్రయోగాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు మత్తిచ్చి, కండరాలు పనిచేయకుండా మందిచ్చి, వైద్యం తెలియని మామూలు మనుషుల చేత నోటితో ఊపిరి ఊదించాడు. తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే దారి తెరుచుకుంటుందనీ, ఆ పని ఎవరైనా నేర్చుకోగలరనీ తేల్చాడు. ఆ విద్య సాధన చేయడానికి నార్వేకు చెందిన బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్ చేత ఒక నిలువెత్తు బొమ్మ చేయించారు. మీ ప్రయోగశాలలో టేబుల్ మీద పడుకొని ఉండేది ఆ బొమ్మ వంశమే.

1966లో సఫార్ కూతురు ఎలిజబెత్ ఉబ్బసంతో పోయింది. ప్రపంచానికి ఊపిరి ఊదడం నేర్పిన మనిషి ఇంట్లోనే, ఆస్పత్రి చేరేలోపు ఆ పాపకు ఊపిరి అందలేదు. ఆ దుఃఖంతో ఆయన ఆస్పత్రి బయటి సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఆయన ఉన్న పిట్స్‌బర్గ్‌లో రోగిని మోసేది పోలీసు వ్యాను. అమెరికాలో చాలా ఊళ్లలో శవపేటికలు మోసే బండే రోగినీ మోసేది. వెనకాల రోగి పక్కన ఎవరూ ఉండేవారు కాదు. 1967లో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలోని ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థతో కలిసి సఫార్ ఒక శిక్షణ మొదలుపెట్టాడు. చేరినవాళ్లు ఆ పేట కుర్రాళ్లే. పని దొరకని వాళ్లు, వియత్నాం నుంచి తిరిగొచ్చిన వాళ్లు, హైస్కూలు పూర్తి చేయని వాళ్లు. "వీళ్లు దేనికీ పనికిరారు" అని ఊరు రాసిపెట్టిన వాళ్లు. వాళ్లకు 300 గంటల చదువు. శరీర నిర్మాణం, గుండె, ఊపిరి, బండి నడిపే పద్ధతి, ఆపరేషన్ థియేటర్లో, అత్యవసర విభాగంలో చేతిపని. చదువు ఆగిపోయిన వాళ్లకు హైస్కూలు పట్టా తెచ్చుకునే ఏర్పాటు కూడా చేశారు. కొద్ది కాలంలోనే వాళ్లు అమెరికాలో అందరికంటే ముందు నడిచే అత్యవసర వైద్య బృందమయ్యారు. వాళ్లకు వైద్య పర్యవేక్షకురాలిగా వచ్చిన డాక్టర్ నాన్సీ కరోలిన్ ఆ అనుభవంతోనే పారామెడిక్కుల జాతీయ పాఠ్యక్రమం తయారు చేసింది. 1979లో వెలువడిన ఆమె పాఠ్యపుస్తకం కొత్త కూర్పులతో నేటికీ చదువుతున్నారు.

ఈ కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేది. 1975 అక్టోబరులో నగరపాలన సొంత సర్వీసు పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. కొత్త పరీక్షలు, కొత్త నియమాల పేరుతో ఆ నిపుణుల్లో చాలామందిని పక్కకు నెట్టారు. దేశానికి పాఠం రాయడానికి పనికొచ్చిన అనుభవం, సొంత ఊళ్లో ఉద్యోగానికి పనికిరాలేదు. జాతివివక్ష అందులో ఉంది, దాచవలసిన పని లేదు. దానికి తోడు ఇంకొకటి ఉంది. వాళ్ల చేతిలో పనితనం ఉంది గానీ, ఎవరూ కాదనలేని, ఏ ఊరికైనా పట్టుకెళ్లగలిగే యోగ్యతాపత్రం లేదు. కాలేజీ చదువు గురించి నేనింత పట్టుబట్టడానికి ఈ కథ ఒక కారణం.

రెండో కారణం మన దగ్గరే జరిగింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఆ "కుయ్ కుయ్" మోత మన పల్లెల్లో ఎంత ధైర్యం నింపిందో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రైవర్‌ని పైలట్ అన్నారు. ఆ పిలుపు కూడా నాకు నచ్చింది. వెనకాల కూర్చునే మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. డిగ్రీ చదివిన పిల్లల్ని తీసుకొని కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి ఎక్కించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులతో కలిసి హైదరాబాద్‌లో రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా నడిపారు. మంచి ప్రయత్నం. అది అప్పుడే ప్రతి వైద్య కళాశాలకూ పాకి ఉండాల్సింది.

ఒక రాత్రి పురుగుమందు తాగిన కుర్రాణ్ని ఒక ఈఎంటీ అమ్మాయి తీసుకొచ్చింది. ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టింది. నోట్లో ఊరే చొంగను సక్షన్‌తో తీస్తూనే ఉంది. మందు పడిన చొక్కా విప్పేసి ఒళ్లు కడిగింది. చేతులకు గ్లౌజులున్నాయి. నేను వివరాలు అడగబోతే గ్లౌజు తీసి ఎడమ అరచెయ్యి చూపింది. బాల్‌పెన్నుతో రాసుకున్న నాలుగు ముక్కలు: తాగిన టైము, నాడి, ఊపిరి, కంటిపాప "సూదిమొన". అందులో ఏ మందు తాగాడన్నది లేదు. ఎందుకంటే సంచిలోంచి డబ్బానే తీసి నా ముందు పెట్టింది. ఇందాకటి ప్రశ్న గుర్తుందా? ఏం కాలుతోంది? ఏం తాగాడు? అది ఒక్కటే ప్రశ్న. ఫోర్ట్ స్టికిన్ దగ్గర అందని కాగితం ఆ రాత్రి ఆ డబ్బా రూపంలో నాకు అందింది. అట్రోపిన్ ఎక్కించడానికి నేను ఒక్క నిమిషం ఆలోచించాల్సిన పని లేకపోయింది. కుర్రాడు బతికాడు.

పోతూ పోతూ ఆ అమ్మాయి అడిగింది: "సార్, నేను బీఎస్సీ చదివొచ్చాను. ఇందులోనే ఇంకా పైకి చదవాలంటే ఎక్కడ చదవాలి?" నా దగ్గర జవాబు లేదు. నర్సింగ్‌లో చేరమన్నాను, అది ఆమె అడిగిన దానికి జవాబు కాదు. రెండేళ్ల తర్వాత ఒక మందుల కంపెనీలో చేరిందని విన్నాను. జీతం కోసం వెళ్లింది, తప్పు పట్టను. కానీ ఆ అరచేతి మీద రాయగలిగిన చెయ్యి రాత్రివేళ బండి వెనకాల లేకుండా పోయింది. పైకి మెట్టు లేని చోట తెలివైన పిల్లలు ఎన్నాళ్లు నిలబడతారు?

బండ్లు కొనడం మనకు చాతనవుతుంది. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 1,088 కొత్త 108, 104 వాహనాలను ఒక్క రోజే బారుతీర్చి పంపారు. చూడటానికి కన్నుల పండువ. నాకు ఎప్పుడూ ఒకటే దిగులు. బండి ఆరు నెలల్లో తయారవుతుంది, మనిషికి మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్ల ఖర్చు ఫొటోలో కనబడదు గనక ఎప్పుడూ వెనకబడిపోతుంది.

ఇప్పుడు కాస్త ఆశ ఉంది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టుకు ఆ చట్టం జాబితాలో పేరుంది. డిగ్రీ స్థాయి నిపుణుడికి కనీసం 3,600 గంటల చదువు ఉండాలని అందులో ఉంది. పిట్స్‌బర్గ్ 300 గంటలతో పోల్చి చూడండి. చట్టం దారి చూపించింది. బోధకులు, ఆస్పత్రుల్లో చేతిపని చేసే చోట్లు, చదివి వచ్చిన వాళ్లకు ప్రభుత్వ పోస్టులు, ఇవి రాష్ట్రాలు చేయాల్సిన పని. పోస్టు లేని డిగ్రీ మరో మోసం అవుతుంది. అది జరగనివ్వకూడదు.

ఇక నిప్పు దగ్గరికి వస్తాను. అగ్నిమాపక విద్యకు మన దేశంలో పెద్ద బడి నాగపూర్‌లో ఉంది. 1956లో రాంపూర్‌లో మొదలై మరుసటి ఏడాది నాగపూర్ చేరిన జాతీయ అగ్నిమాపక కళాశాల అది. ఇంజనీరింగ్ డిగ్రీ దాకా చదువు చెబుతుంది. 2002లో హర్షిణీ కన్హేకర్ అనే నాగపూర్ అమ్మాయి అందులో చేరేదాకా అక్కడ ఆడపిల్లలు చదవలేదు. ఇవాళ ఈ హాల్లో ముందు వరసలో ఆడపిల్లల్ని చూస్తుంటే నాకు సంతోషంగా ఉంది.

డ్రిల్లుతో రానిది, చదువుతోనే వచ్చేది ఏమిటని అడుగుతారు. నీళ్లతోనే మొదలుపెడదాం. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల ఆవిరవుతుంది. మూసిన గదిలో సలసలలాడే వేడి మీదకి తెలియకుండా నీళ్లు కొడితే ఆ ఆవిరి తిరిగొచ్చి కొట్టినవాణ్నే ఉడికిస్తుంది. గదిలో వేడి 600 డిగ్రీల దరిదాపుకు చేరితే మంట తగలని సామాను కూడా ఒక్కసారిగా అంటుకుంటుంది. గాలి చాలక మగ్గుతున్న గది తలుపు తీస్తే మంట బయటికి దూకుతుంది. తలుపు తీసే ముందు చేతి వెనుకవైపుతో తాకి చూడటం డ్రిల్లులో నేర్పుతారు. ఎందుకు తాకాలో, తాకాక ఏం నిర్ణయించాలో తరగతి గదిలోనే తెలుస్తుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడింది. కనీసం 12 మంది పోయారు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు రోడ్ల మీద పడిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. అది నేలబారున, పల్లానికి పారుతుంది. ఆ తెల్లవారుజామున అక్కడికి చేరే మొదటి మనిషికి నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. గాలి ఎటు వీస్తోంది, బండి ఎక్కడ ఆపాలి, జనాన్ని ఎటు నడిపించాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోతుందా, బీఏ సెట్ (ఊపిరికి గాలి అందించే పరికరం) వేసుకోవాలా. మళ్లీ అదే ప్రశ్న: లోపల ఏముంది? ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఆ ప్రశ్న అడిగే అధికారం, వచ్చిన జవాబును అర్థం చేసుకునే రసాయన శాస్త్రం, రెండూ ఆ మనిషికి ఉండాలి.

నిప్పునూ ఊపిరినీ ఒకే కప్పు కింద నేర్పాలని నేను చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నాను. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు పిల్లలు పోయారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని వాళ్లు, జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన వాళ్లు. వాళ్లను తీసుకుపోయింది పొగ. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది రక్తంలో ఆమ్లజని కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. మనం వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఈ రెంటికీ తేడా కనిపెట్టలేదు. మనిషి చచ్చిపోతున్నా 98 అని చూపిస్తుంది. నిప్పు సంగతి చదవని ఈఎంటీ ఆ 98 చూసి ఊరట పడతాడు. చదివినవాడు ముక్కుపుటాల్లో మసి చూస్తాడు, గొంతు బొంగురుపోయిందేమో వింటాడు, అంకెను పక్కనబెట్టి ఆక్సిజన్ పూర్తిగా పెడతాడు. గొంతు లోపల కాలితే గంటలోనే వాచి దారి మూసుకుపోతుందని మత్తు డాక్టర్‌కి ముందే ఫోన్ చేస్తాడు. అలాగే నుజ్జయిన కారును కోసి మనిషిని బయటికి తీసే ఫైర్‌మన్‌కు మెడ ఎలా పట్టుకోవాలో తెలియకపోతే, కోసిన కష్టమంతా వృథా.

అమెరికాలో ఈ కలయిక వేరే దారిన వచ్చింది. 1970లో సియాటిల్‌లో గుండె వైద్యుడు లెనార్డ్ కాబ్, ఫైర్ చీఫ్ గోర్డన్ వికెరీ కలిసి ఫైర్‌మన్లకే వైద్యం నేర్పారు. ఫైర్ స్టేషన్ ప్రతి పేటకూ నిమిషాల దూరంలో ఉంటుంది, రాత్రి మేలుకొని ఉంటుంది, రేడియో ఉంటుంది. గుండె ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాలే గడువు. ఇవాళ అక్కడి ఫైర్ స్టేషన్లకు వచ్చే కాల్స్‌లో మూడింట రెండొంతుల దాకా వైద్యానివే. ఊరూరా ఉండే కమ్యూనిటీ కాలేజీల్లో ఈ రెండు విద్యలూ దొరుకుతాయి. అయితే దాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ నాటమని నేననను. మన దగ్గర ఒక్కో ఫైర్ స్టేషన్ కిందా మండలాలు మండలాలుంటాయి. మొదటి ఏడాది చదువు రెండు కోర్సులకూ కలిపి పెట్టండి. 108 బండిని ఫైర్ స్టేషన్ ఆవరణలోనే నిలపండి. నేను అడిగేది ఈ రెండే.

పాఠ్యక్రమం మన నేల మీది కష్టాలతో మొదలవ్వాలి. పాముకాటు, పురుగుమందు, వడదెబ్బ, పిడుగు, బావిలో విషవాయువు, తాటిచెట్టు, గోదావరి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఒడ్డుకు తెచ్చిన మనిషికి ఏం చేయాలో అక్కడి జాలరికి తెలియడం ఎంత అవసరమో మీరే ఆలోచించండి. భాష సంగతి కూడా చెప్పాలి. "దమ్మొస్తుంది" అని ఒకరంటారు, "ఆయాసం" అని ఒకరు, "గుండెల్లో పట్టేసింది" అని ఇంకొకరు. ఫోన్ ఎత్తిన మనిషికి ఇవన్నీ తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం "ఎగఊపిరి". ఇంట్లోవాళ్లు "ఎగఊపిరి తీస్తున్నాడండీ, ఇంకా ప్రాణం ఉంది" అంటారు. మన పెద్దలు దాన్ని చావుకు ముందు లక్షణంగా ఎప్పుడో గుర్తించి పేరు పెట్టారు. స్పృహ లేక అలా ఎగఊపిరి వస్తోందంటే చాలాసార్లు గుండె ఆగిపోయినట్టే. ఆ మాట వినగానే ఫోన్‌లోనే చెప్పాలి: "నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కండి, ఆపకండి." నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. ఇది ఇంగ్లీషు పుస్తకంలో చదివి పరీక్ష రాసిన పిల్లకు, తెలుగులో ఏడుస్తున్న ఇల్లాలికి చెప్పడం రాకపోతే ఆ మార్కులు ఎవరికి?

పిల్లలూ, మీరు ఎంచుకున్న పనిలో ఓటమి చూస్తారు. చేయగలిగిందంతా చేసినా చేతుల్లో మనిషి పోతాడు. చిన్న పిల్లలు పోతారు. ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం తినలేరు. మా రోజుల్లో దాన్ని మింగేయమనేవారు. మింగినవాళ్లలో కొందరు ఏమయ్యారో నాకు తెలుసు. మీ కోర్సులో ఆ రాత్రి గురించి కూడా ఒక పాఠం ఉండాలని ప్రిన్సిపాల్ గారిని అడిగాను, పెడతామన్నారు. లేకపోతే మీరే అడగండి.

ఈ ఉపన్యాసానికి మీరిచ్చే పారితోషికం నాకు వద్దు. దానికి నేను కొంత కలిపాను. ఇంకో శిక్షణ బొమ్మ వస్తుంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. అరిగిపోనివ్వండి. రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు ఈఎంటీలు, ఫైర్ స్టేషన్ తమ్ముళ్లు కూడా వచ్చి సాధన చేసుకునేలా ఆ గది తెరిచి ఉంచండి.

గడియారం చూశారా. నాలుగు గంటల అయిదు నిమిషాలు. డ్యూటీ బట్టల్లోనే వచ్చి వెనక వరసల్లో కూర్చున్న ఫైర్ స్టేషన్ తమ్ముళ్లు, 108 చెల్లెళ్లు ముందు లేవండి. వాళ్లతో పాటు మనమందరం లేచి నిలబడదాం.